గుండెకు సి.టి. స్కాన్ ఎవరికి అవసరం?

"ఏ నొప్పీ లేదండి, ఎందుకైనా మంచిదని గుండెకు స్కాన్ తీయించుకోమంటారా?" అని పెద్దాపురంలో మమ్మల్ని అడిగేవారున్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన మరణాలను పరిశీలిస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది.

గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనుల గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అందులో కాల్షియం చేరుతుంది. సి.టి. స్కాన్‌లో అది తెల్లగా కనిపిస్తుంది. దాన్ని లెక్కకట్టే పద్ధతిని 1990లో అమెరికా డాక్టరు ఆర్థర్ అగాట్‌స్టన్, ఆయన సహచరులు ప్రకటించారు. ఇంజక్షన్ ఉండదు. కొన్ని క్షణాలు ఊపిరి బిగపట్టి పడుకుంటే చాలు.

స్కోరు సున్నా అయితే రాబోయే కొన్నేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశం తక్కువ. 100 దాటితే సాధారణంగా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడమంటారు. 400 దాటితే ముప్పు బాగా ఎక్కువ.

ఈ పరీక్ష అందరికీ అక్కరలేదు. వయసు 40 దాటి, బి.పి., కొలెస్ట్రాల్, కుటుంబ చరిత్ర అన్నీ చూశాక కూడా మాత్రలు మొదలుపెట్టాలా వద్దా అనే సందేహం డాక్టరుకు మిగిలితే, అప్పుడు ఉపయోగపడుతుంది. ఇప్పటికే స్టెంటు వేయించుకున్నవారికి దీనితో పనిలేదు. గర్భిణులకు చేయరు.

కాల్షియం చేరని మెత్తని కొవ్వు ఈ స్కాన్‌లో కనిపించదు. కాబట్టి చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారు, షుగరు ఉన్నవారు సున్నా వచ్చిందని ధీమాగా ఉండకూడదు.

ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే మాత్రం గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. స్కాన్ కోసమూ తిరగకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆస్పత్రిలో ఇ.సి.జి. తీయించుకోండి.