గోడకు చెమ్మ ఎక్కిందా? సిమెంట్ పూసే ముందు ఇవి చూడండి

రంజాన్ దగ్గర పడుతోందంటే చాలా ఇళ్లలో రంగుల పని మొదలవుతుంది. గోడ కింద పెచ్చులు ఊడిన చోట మేస్త్రీతో ఇంత సిమెంట్ పూయించి, లప్పం పెట్టి, రంగు కొట్టిస్తారు. పండగ గడిచేదాకా గోడ బాగానే ఉంటుంది. ఒక్క వానాకాలం పోయిందంటే అదే చోట మళ్లీ ఉబ్బు, తెల్లటి ఉప్పు. తిట్లు మాత్రం రంగు కంపెనీకి! అసలు నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా పూత వేస్తే ఎంత ఖరీదైన రంగయినా నిలవదు.

ఉర్దూలో సీలన్ అనే ఈ చెమ్మ ఎక్కడ కనిపిస్తుందన్నదే మొదటి ఆనవాలు. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు గోడ పొడవునా మరక ఉంటే భూమిలోని నీరు పైకి పాకుతున్నట్టు. బస్తీల్లో రోడ్డు మీద రోడ్డు వేసి ఇంటి గడప కంటే వీధి ఎత్తయిన చోట ఇది మరీ ఎక్కువ. బాత్రూం వెనకో, వుజూ కుళాయి పక్కనో ఒకే చోట మరక పెరుగుతుంటే పైపు లీకేజీ అనుమానించాలి. రాత్రి మోటార్, కుళాయిలు అన్నీ బంద్ చేసి ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. తెల్లారేసరికి తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. ప్లాస్టిక్ కవర్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాలి. కవర్ లోపలి వైపు తడి చేరితే చెమ్మ గోడలోనిదే. పైవైపు తడిస్తే గదిలో గాలి ఆడడం లేదని అర్థం. అప్పుడు కావాల్సింది ప్లాస్టర్ కాదు, తెరిచిన కిటికీ.

పాతబస్తీలోని పాత ఇళ్ల సంగతి వేరు. 1591 నాటి చార్మినార్‌లాగే వీటి గోడలూ సున్నంతో కట్టినవి. సున్నం తడిని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంట్ పూస్తే తడి బయటికి రాలేక గోడలోనే ఉండిపోయి ఇంకా పైకి ఎక్కుతుంది. టైల్స్ అంటించినా అంతే, మరక టైల్స్ పైన తేలుతుంది. ఇలాంటి గోడకు సున్నం ప్లాస్టరే సరి. పని నెమ్మది, తెలిసిన మేస్త్రీలు తక్కువ, ఖర్చూ ఎక్కువే. అయినా ఏటా గీకి రంగు వేయించే ఖర్చుతో పోల్చి చూసుకోవాలి. రాయి సున్నం ఇంట్లో నానబెడితే బాగా మరుగుతుంది, కళ్లలో పడితే ప్రమాదం. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

ఇటుక, సిమెంట్‌తో కట్టిన కొత్త ఇల్లయితే లీకేజీ ఆపాక ఒక పాలు సిమెంట్, ఆరు పాళ్లు జల్లించిన ఇసుకతో పూత సరిపోతుంది. వారం రోజులు నీళ్లు పెట్టాలి. నున్నగా వస్తుందని చాలామంది అడిగే జిప్సం, పీవోపీ మాత్రం చెమ్మ గోడకు పనికిరావు, తడికి మెత్తబడిపోతాయి.

ఏ పూతయినా పాత ప్లాస్టర్‌ను మరక కంటే ఒక అడుగు పైదాకా చెక్కేయాల్సిందే. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత గోడను ఆరనివ్వాలి. తొందరపడేది ఇక్కడే. 9 అంగుళాల గోడ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది.

పిల్లలో, పెద్దవాళ్లో ఆస్తమాతో ఉన్న ఇంట్లో దీన్ని అందం సమస్యగా చూడకూడదు. ఇంట్లోని చెమ్మ, బూజు శ్వాస జబ్బులను పెంచుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదిలినా కొంత మేలు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు సొంత డబ్బుతో పూత వేయించే ముందు ఇంటి యజమానితో లీకేజీ సంగతి తేల్చుకోవాలి. మరక ఫొటోలు తేదీతో దాచుకుంటే అడ్వాన్స్ తిరిగి తీసుకునేటప్పుడు పనికొస్తాయి. ఈదులోపు గోడ ఆరకపోతే ఈసారికి పల్చగా వెల్ల వేసి వదిలేయొచ్చు. ప్లాస్టిక్ ఎమల్షన్ మాత్రం పూర్తిగా ఆరేదాకా ఆగాలి.