గృహము, వీథి, వాహనము



కాణిపాకమను పేరు కాణిపారక మనుదాని నుండి వచ్చినదని మా ప్రాంతపు వృద్ధులు చెప్పుదురు. కాణి యనగా మాగాణి. పారక మనగా నీరు పాఱుట. బాహుదానదీ తీరమున నీరు పాఱు పల్లపు మాగాణిలో వెలసిన గ్రామ మన్నమాట. ఊరి పేరునందు నీటికిని పైరునకును చోటు కలదు గాని బండికి లేదు. నేడు వరసిద్ధి వినాయకస్వామి దర్శనమునకు తిరుపతి నుండియు, అరవసీమ నుండియు, కన్నడసీమ నుండియు వచ్చువారు చాలవఱకు కార్లలోను బస్సులలోను వచ్చుచున్నారు. వినాయకచవితి మొదలుకొని యిరువదియొక్క దినములు బ్రహ్మోత్సవములు జరుగునప్పుడు ఆ బండ్లను ఎచ్చట నిలుపవలయునను ప్రశ్న అందఱికిని ఎదురగును. ఆ ప్రశ్న వెంట మఱి రెండు ప్రశ్నలు దాగియున్నవి. ఇల్లెట్లు కట్టవలయును? వీథిలో ఎవరు నడువవలయును? ఈ మూటిని వేర్వేఱుగా ఆలోచించుటచేతనే పట్టణములు చెడినవని నా యభిప్రాయము. ఆ చెడుటయు, కొన్ని తావుల తిరిగి బాగుపడుటయు ఎట్లు జరిగినదో మనవి చేసెదను.

ముందుగా మన సీమవాని కథ యొకటి. శ్రీకాళహస్తిలో 1866వ సంవత్సరమున జన్మించిన పానగంటి రామరాయణింగారు, అనగా తరువాతికాలమున పానగల్ రాజాగా ప్రసిద్ధులైనవారు, 1920 డిసెంబరులో మద్రాసు రాజధానికి స్థానిక స్వపరిపాలన మంత్రియైరి. మఱుసటి సంవత్సరమే ముఖ్యమంత్రియై 1926 వఱకు పరిపాలించిరి. పట్టణములు ఎట్లు పడిన అట్లు పెరుగకుండ ముందుగా నిర్ణయము చేసికొని పెంచవలయునను మద్రాసు పట్టణ నిర్మాణ చట్టము 1920లో పుట్టినది. ఆ చట్టము ననుసరించి 1923-25 సంవత్సరముల నడుమ చెన్నపట్టణమున మాంబళము వద్ద నొక క్రొత్త పేట వెలసెను. దానికి సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారి పేర త్యాగరాయనగరమనియు, దాని నడుమనున్న తోటకు పానగల్ పార్కనియు పేరులు పెట్టిరి. తోట మధ్యమున నుండుట, దానినుండి వీథులు బయలుదేఱుట, ఇంటివారు నడిచి అంగడికిని తోటకును పోగలుగుట ఆ నిర్మాణములోని మర్మము.

అయితే ఆ పేట చెఱువు నీటిని తీసివేసిన నేలపై కట్టబడినదని మఱవరాదు. వానలు మిక్కుటమైన యేట నీరు తన పాతచోటును వెదకికొనుచు ఆ వీథులకు వచ్చుచునే యున్నది. పల్లపు భూమిని బండ్ల నిలుపుదలకు మెట్టచేయుదమని యెవరైన సూచించినప్పుడు మా కాణిపాకమువారు తమ యూరి పేరును ఒక పర్యాయము స్మరింపవలయును.

త్యాగరాయనగరము తరువాత ఏమైనది? గృహములున్న వీథులు అంగళ్ళ వీథులైనవి. పాండీబజారున బట్టలకు వచ్చువారి కార్లు, మోటారు సైకిళ్ళు కాలిబాటల నాక్రమించినవి. కారు లేనివాడు నడివీథిలో బస్సుల నడుమ నడువవలసిన వాడయ్యెను. తుదకు చెన్నపట్టణపు కార్పొరేషను 2014లో కాలినడకకును సైకిళ్ళకును ప్రథమస్థాన మిచ్చు విధానము నంగీకరించి, 2019 నవంబరులో ఆ పాండీబజారు వీథినే, అనగా త్యాగరాయ రోడ్డునే, విశాలమైన కాలిబాటలతో నడకవీథిగా మార్చినది. తొంబదియేండ్లకు పైగా గడచిన పిదప, మొదట నడకకై ఏర్పఱచినదానిని మరల నడకకు తెచ్చుటకు కోట్లకొలది రూపాయలు వ్యయము చేయవలసివచ్చెను. చేతిలోనిది జాఱవిడిచి యేటిలో వెదకుట యనిన నిదియే.

ఈ చట్టమునకు ముందే, 1914-15 సంవత్సరములలో, స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డెస్ అను పండితుడు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానముపై మన రాజధానికి వచ్చి తంజావూరు, మధుర, బళ్ళారి మొదలగు పట్టణములను నడిచి చూచెను. ఇఱుకు పేటలలో ఇండ్లు కూల్చి తిన్ననైన వెడల్పు వీథులు కోయుట ఆనాటి ఇంజనీర్ల పద్ధతి. గెడ్డెసు దానిని ఒప్పుకొనలేదు. శస్త్రవైద్యుడు దేహమంతయు కోయక పుండున్నచోటనే కత్తి పెట్టునట్లు, శిథిలమైన గోడ నొకదానిని తీసి, చిన్న ఖాళీ నొకదానిని కలిపి, చెట్టు నాటి, బావి శుభ్రపఱచినచో స్వల్పవ్యయముతోనే పేట బాగుపడునని, బీదవాని యిల్లు నిలుచునని ఆయన వాదము. దక్షిణదేశపు దేవాలయ పట్టణముల రథవీథులను ఆయన మెచ్చుకొనెను. మన శిల్పశాస్త్రములలో గ్రామమును చుట్టివచ్చు వీథికి మంగళవీథి యని పేరుండుట యిచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. ప్రదక్షిణము చేయుటకు తగిన వీథియే మంగళవీథి.

ఇక గృహ విషయము. ఇది కొంత లెక్కతో కూడినది; ఓపికతో వినవలయును. ఒక కారు నిలుచుటకు, తిరుగుటకు కలిపి ఆరుబయట 23 చదరపు మీటర్లు, ఇంటి క్రింద కప్పు వేసిన చోట 28, నేలమాళిగలో 32 కావలయునని మన దేశపు పట్టణ నిర్మాతల లెక్క. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఇంటిస్థలమును అంకణములలో కొలుతుము. 36 చదరపుటడుగుల అంకణము చొప్పున ఆరుబయటి కారొకటి దాదాపు ఏడంకణములు తినును. సెంట్లలో చెప్పిన అర సెంటు దాటును. 2020లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బీదలకు ఇంటిస్థలములు పంచినప్పుడు పట్టణములలో ఒక్కొక్క కుటుంబమునకు ఒక సెంటు, గ్రామములలో సెంటున్నర యిచ్చినది. పట్టణములో ఒక సంసారమంతయు కాపురముండుటకు ఒక సెంటు. ఒక ప్రాణములేని బండి నిద్రించుటకు అర సెంటు పైన! ఈ లెక్క నేనెన్ని సారులు వేసినను నాకు మ్రింగుడు పడదు.

పట్టణములలో గృహనిర్మాణ నియమములు, మన రాష్ట్రమున 2017లో సవరించి ప్రకటింపబడినవి కూడ, పెద్ద కట్టడములు కట్టువాడు ఇంత భాగము వాహనములకు విడువవలయునని విధించుచున్నవి. అందుచేత క్రింది అంతస్తంతయు స్తంభములపై నిలిపి బండ్లకు వదలి, మనుష్యులు మేడపై నుండుట వాడుకయైనది. దాని వ్యయము ఎవరు భరింతురు? కారున్న వాడొక్కడే కాదు. ఆ మేడలో అద్దెకున్న కారులేని ఉపాధ్యాయుడును, సత్రపు గదిలో ఒక రాత్రి తలదాచుకొన్న బీదయాత్రికుడును అద్దె రూపమున భరింతురు. పైగా వీథివైపు మనిషి ముఖము కనబడదు. అరుగు లేదు. అరుగుపై కూర్చుండి వచ్చుపోవువారిని పలుకరించు తాత లేడు. రాత్రివేళ ఒంటరిగా పోవు ఆడుబిడ్డకు ఆ తాతయే కావలివాడని మేడ గీసిన ఇంజనీరు లెక్కలో చేరదు.

అరుగు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలయును. వీథిలోనికి రెండడుగులు వచ్చిన ఱాతి యరుగును ఆక్రమణమని కొట్టించుట మనమెఱిగినదే. చట్టప్రకారమది సరియే కావచ్చును. అదే వీథిలో ఆరడుగుల వెడల్పు గల కారు పగలు రాత్రియు నిలిచియున్నను ఆక్రమణమని ఎవరును అనరు. అరుగు పదిమందికి కూర్చుండుట కుపయోగించును, కారు ఒక్కనిది. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఊరుమ్మడి నేలను తన బండికి తానే దానము చేసికొనుట గాదా యిది?

ఇతర దేశములలో దీనికి రెండు విధముల పరిష్కారములు చేసిరి. జపానువారు 1962లోనే ఒక చట్టము చేసి, కారు కొనువాడు దానిని నిలుపుటకు తనకు చోటున్నదని ముందుగా ఋజువు చూపవలయునని నిర్ణయించిరి. అనగా భారము బండి గలవానిపై పడినది, వీథిపై పడలేదు. న్యూజీలండు ప్రభుత్వము 2020లో పట్టణ సంఘముల కొక యాజ్ఞ చేసి, ఇల్లు కట్టువాడు విధిగా ఇన్ని కార్లకు చోటు విడువవలయునను నియమములను 2022 ఫిబ్రవరిలోగా తొలగింపజేసినది. చోటు విడువరాదని కాదు. వలసినవాడు విడుచును, అక్కఱ లేనివాడు ఆ స్థలమున మఱియొక గది కట్టును. ఈ రెండవది పెద్ద పట్టణములకు తగినది. మన గ్రామములకు జపాను పద్ధతియే దగ్గఱగా నున్నదని నాకు తోచుచున్నది.

దూరదేశము లెందుకు? తిరుమలకు 1944లో మొదటి ఘాటురోడ్డు తెఱువబడినది. దానితో మోటారులు కొండపైకి వచ్చినవి. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కువారు నేటికిని కలరు. ఎన్ని మోటారులు వచ్చినను స్వామివారి నాలుగు మాడవీథులలో యాత్రికుని కారునకు ప్రవేశము లేదు. బండి దూరమున నిలుచును. ఎంతటి ధనవంతుడైనను పాదరక్షలు విడిచి నడచును. నడువలేని వారి మాట ఏమని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కొండపై ధర్మరథములను పేర ఉచితపు బస్సులు తిరుగుచున్నవి. ముసలివారికి, గర్భిణులకు, అంగవైకల్యము గలవారికి అట్టి చిన్నబండ్లు నడుపుట గ్రామమునకు అసాధ్యము కాదు. అందఱి కార్లను గుడి వాకిటికి రానిచ్చుటకు వారిని సాకుగా చూపరాదు. ఇఱుకున చిక్కిన కార్లచే మొట్టమొదట నష్టపోవువాడు కఱ్ఱపోటుతో నడుచు వృద్ధుడే.

అంగళ్ళవారు మఱియొక యభ్యంతరము చెప్పుదురు: బండి దగ్గఱకు రాకున్న బేరము తగ్గునని. టెంకాయ, కర్పూరము, పూలు కొనువాడు నడచువాడు గాని చక్రము కాదు. ఊరివెలుపల బండి దిగి నాలుగు బజారులు దాటివచ్చు యాత్రికుడు ఎన్ని యంగళ్ళ ముందునుండి వచ్చునో, గుడి వాకిట దిగినవాడు ఎన్నింటిని చూచునో వారే ఎంచి చూచుకొందురు గాక.

మఱి యిది చేయు నధికార మెవరిది? 1993 ఏప్రిలులో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలు, గ్రామ పంచాయతీలకు రాష్ట్రములు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వానిలో గ్రామీణ గృహనిర్మాణము కలదు, రోడ్లు కలవు, సంతలు తిరునాళ్ళు కలవు. 1994 నాటి ఆంధ్రప్రదేశ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము, ప్రభుత్వపు పెద్దరోడ్లు గాక తక్కిన గ్రామవీథులు పంచాయతీకి చెందినవి. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడును గ్రామసభ సభ్యుడే. దేవాలయము దేవాదాయ శాఖవారిది, వీథి పంచాయతీవారిది, మోటారు పోలీసువారిది అని ముగ్గురు మూడు దిక్కుల చూచుచుండ నడుమ వీథి అనాథయగుచున్నది. దేవాలయ పాలనకై తొలి హిందూ దేవాదాయ చట్టము చేయించినది కూడ పైని చెప్పిన పానగల్ రాజాగారి మంత్రివర్గమే యగుటచేత, ఈ రెండు శాఖలు ఒకే తండ్రి బిడ్డలని చెప్పవచ్చును. కూర్చుండి మాటలాడుకొనుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 117వ నిబంధన, బండ్లు నిలుపు స్థలములను ఆ ప్రాంతపు స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయింపవలయునని చెప్పుచున్నది. కావున అధికారులు అడుగువఱకు ఊరకుండక, ఏ మెట్టస్థలమున కార్లు నిలువవలయునో, అచ్చటినుండి గుడివఱకు నీడ, మంచినీరు, దీపములు గల నడకదారి యేదియో గ్రామసభలో తీర్మానము వ్రాయించి పంపవచ్చును. 115వ నిబంధన, ప్రజల క్షేమమునకును సౌకర్యమునకును ఫలాని వీథిలో బండ్ల రాకను నిషేధించు అధికారమును ప్రభుత్వమునకును, ప్రభుత్వ మధికార మిచ్చినవారికిని ఇచ్చుచున్నది. ఆ నిషేధము ఒక నెలకు మించనిచో గెజిట్టులో ప్రకటింప బనిలేదు. ఊరిలో దండోరా వంటి స్థానిక ప్రకటన చాలును. మన బ్రహ్మోత్సవములు ఇరువదియొక్క దినములు.