డబ్బులు కట్ అయ్యాయి.. టికెట్ రాలేదా? తెర వెనుక ఆ 10 సెకన్లే కీలకం!

యాప్‌లో టికెట్ బుక్ చేశారు.. డబ్బులు కట్ అయ్యాయి.. కానీ టికెట్ మెయిల్ మాత్రం రాలేదు. ఒక్కోసారి దీనికి కారణం, సర్వర్‌లో పనిచేసే ‘బ్యాక్‌గ్రౌండ్ వర్కర్’ మధ్యలో ఆగిపోవడమే.

వర్కర్ అంటే ఏంటి?
మెయిల్ పంపడం, పీడీఎఫ్ తయారు చేయడం లాంటి పనులకు టైం పడుతుంది. అంతసేపు యూజర్‌ను వెయిట్ చేయించకుండా వెబ్ అప్లికేషన్ ఆ పనిని క్యూలో పెడుతుంది. వర్కర్ అనే వేరే ప్రోగ్రామ్ దాన్ని తీసుకుని పూర్తి చేస్తుంది. ఈ వర్కర్‌ను, దానికి కావాల్సిన ఫైళ్లతో సహా ప్యాక్ చేసి నడిపేదే కంటైనర్.

చిక్కు ఎక్కడ?
యాప్ కొత్త వెర్షన్ పెట్టాలంటే పాత కంటైనర్‌ను ఆపాలి. డాకర్ ముందు ‘సిగ్‌టర్మ్’ అనే సిగ్నల్ పంపి, మామూలుగా 10 సెకన్లు చూస్తుంది. తర్వాత బలవంతంగా ఆపేస్తుంది. కానీ రూబీ అప్లికేషన్లలో వాడే సైడ్‌కిక్, చేతిలో ఉన్న పని ముగిసేందుకు 25 సెకన్ల వరకు ఆగుతుంది. అప్పటికీ కాకపోతే తిరిగి క్యూలో పెడుతుంది. ఈలోపే కంటైనర్ ఆగిపోతే? సైడ్‌కిక్ ఉచిత వెర్షన్‌లో ఆ పని గల్లంతే!

ఏం చేయాలి?
డాకర్ గడువును 30 సెకన్లకు పెంచాలి. కుబర్నెటీస్‌లో అయితే మొదటి నుంచీ 30 సెకన్లే ఉంటుంది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. తిరిగి క్యూలోకి వెళ్లిన పని మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. డబ్బులు తీసుకునే పనైతే, ఇప్పటికే కట్ అయ్యాయో లేదో చూసుకునేలా కోడ్ రాయాలి. లేదంటే టికెట్ ఒకటే.. కోత మాత్రం రెండుసార్లు!