మలేరియాకు అడ్డుకట్ట... లూపస్‌కు దారి!

*మన్యం జ్వరాలతో మనిషి చేసిన పోరు రోగనిరోధక కణాలపై ఎలాంటి గుర్తులు మిగిల్చింది?*

సీతంపేట, భద్రగిరి, కురుపాం, పాచిపెంట... వానలు మొదలైతే ఈ ఏజెన్సీ పల్లెల్లో చలిజ్వరం భయం, ఇంటింటా దోమల మందు పిచికారీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండి 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన ప్రాంతాలివి. మలేరియా తరతరాలుగా తిష్ఠ వేసినచోట మనిషి జన్యువులే దానికి ఎదురు నిలుస్తాయి. మన కొండపల్లెలు ఎరిగిన సికిల్‌సెల్ అందుకు ఉదాహరణ. ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే తీవ్ర మలేరియా నుంచి రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు.

ఇలాంటి బేరమే రోగనిరోధక కణాల్లోనూ జరిగింది.

బ్రేకు పట్టు తప్పితే

క్రిములపై పోరాడే యాంటీబాడీలను తయారుచేసేవి బి కణాలు. వాటి పైపొరలో సంకేతాలను అందుకునే గ్రాహకాలుంటాయి. అందులో ఒకటి ఎఫ్‌సీ గామా ఆర్‌2బి. యాంటీబాడీలు పోగుపడగానే ‘ఇక చాలు’ అని కణాన్ని ఆపడం దీని పని. దీని జన్యువులో ఒక్క అక్షరం మారితే 232వ స్థానంలో ఐసోల్యూసిన్‌కు బదులు థ్రియోనిన్ చేరుతుంది. గ్రాహకం ఉంటుంది, బ్రేకు మాత్రం పడదు.

బ్రేకు లేని సైన్యం మలేరియా క్రిమిని గట్టిగా దెబ్బతీస్తుంది. అదే సైన్యం సొంత కీళ్లు, చర్మం, మూత్రపిండాల మీద పడితే లూపస్. ఆఫ్రికాలో లూపస్, కీళ్లవాతం అరుదుగా కనిపించడానికీ, మలేరియాకూ సంబంధం ఉండొచ్చని నైజీరియాలో పనిచేసిన బ్రయాన్ గ్రీన్‌వుడ్ 1968లోనే రాశారు. బ్రేకును చెడగొట్టే ఈ మార్పు జన్యువు రెండు ప్రతుల్లోనూ ఉన్న కెన్యా పిల్లల్లో తీవ్ర మలేరియా తక్కువని, అదే మార్పు లూపస్ ముప్పు పెంచుతోందని 2010లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపారు. ఆఫ్రికా, ఆగ్నేయాసియా ప్రజల్లో ఈ మార్పు ఎక్కువ, ఐరోపావాసుల్లో తక్కువ.

జన్యువే తలరాత కాదు

ఈ మార్పు ఉన్నంత మాత్రాన లూపస్ రాదు. మరెన్నో జన్యువులు, హార్మోన్లు, ఎండ, ఇన్ఫెక్షన్లు తోడవ్వాలి. రోగుల్లో పదికి తొమ్మిది మంది స్త్రీలే. తగ్గని జ్వరం, కీళ్లనొప్పులు, ముక్కుకు రెండు పక్కలా ఎర్రటి మచ్చలు, జుట్టు రాలడం, మూత్రంలో నురగ... వీటిని ఎండదెబ్బగానో నీరసంగానో కొట్టిపారేయొద్దు. ఉద్దానం పల్లెల్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బును చూసి, ఆ పేరంటేనే ఉలిక్కిపడే ప్రాంతం మనది. లూపస్ కూడా కిడ్నీలను తినేస్తుంది. తొందరగా గుర్తిస్తే కాపాడుకోవచ్చు.

సీతంపేట కొండల నుంచి సముద్రతీరం దాకా మన ప్రజల జన్యువులపై పరిశోధన జరగాలి. అంతవరకూ చేతిలో ఉన్న మందును వదలొద్దు. లూపస్ చికిత్సకు నేడు వెన్నెముక హైడ్రాక్సీక్లోరోక్విన్. అది మలేరియా కోసం పుట్టిన మందే. నొప్పి తగ్గిందని ఆ మాత్ర సొంతంగా మానేయకండి.