చాక్లెట్ చెట్టుకు కాస్తుందా?

చాక్లెట్ అంటే తెలియని పిల్లలు లేరు. కొట్టు ముందు నుంచి వెళితే చాలు, కొంగు పట్టుకుని అడుగుతారు. మనమూ కొనిస్తాం. కాని ఆ చాక్లెట్‌ను దేనితో చేస్తారు? ఎవరు పండిస్తారు? ఎప్పుడైనా ఆలోచించారా?

మనం చప్పరించే బిళ్ళలన్నిటినీ చాక్లెట్లే అంటాం. ఉత్త పంచదార పాకంతో చేసిన బిళ్ళ అసలు చాక్లెట్ కాదు. అసలు చాక్లెట్‌ను కోకో గింజలతో చేస్తారు.

కోకో ఒక చెట్టు. పనసకాయల్లాగే దాని కాయలు మానుకు, పెద్ద కొమ్మలకు కాస్తాయి. కాయ చిన్న బొప్పాయి అంత ఉంటుంది. పగలగొడితే లోపల తెల్లటి గుజ్జు. ఆ గుజ్జులో 30, 40 గింజలు. గుజ్జు పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఉంటుంది. గింజ మాత్రం చేదు.

తినేది కాదు, తాగేది

కోకో చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి ఈక్వెడార్ దేశంలో 5,300 ఏళ్ళ కిందటే కోకో వాడారు. మట్టిలో దొరికిన పాత కుండలను పరీక్షించి ఈ సంగతి తెలుసుకున్నారు.

తర్వాత కోకో మెక్సికో వైపు చేరింది. అక్కడ మాయా, అజ్టెక్ అనే జనం ఉండేవాళ్ళు. వాళ్ళు చాక్లెట్‌ను తినేవాళ్ళు కాదు, తాగేవాళ్ళు. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, వేయించిన గింజలను రాతి మీద నూరేవాళ్ళు. మనం సన్నికల్లు మీద నూరుతాం చూడండి, అలాగ. ఆ ముద్దను నీళ్ళలో కలిపేవాళ్ళు. మిరపపొడి, మొక్కజొన్న పిండి కూడా వేసేవాళ్ళు. తర్వాత ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తు నుంచి పోసేవాళ్ళు. టీ తిరగబోసినట్టన్నమాట. దాంతో పైన నురుగు వచ్చేది. నురుగు బాగా వస్తేనే మంచి చాక్లెట్. సుమారు 1,300 ఏళ్ళ నాటి మాయా పాత్ర మీద ఒక స్త్రీ ఇలా పోస్తున్న బొమ్మ ఉంది.

గింజలే డబ్బులు

ఆ దేశంలో కోకో గింజలు డబ్బులుగా కూడా చెల్లేవి. మెక్సికోలో త్లస్కాలా అనే ఊరి సంత ధరలు 1545లో రాసి పెట్టారు. టర్కీ కోడి పెట్ట ఒకటి 100 గింజలు. పెద్ద టమాటా ఒకటి 1 గింజ.

డబ్బు ఉన్నచోట మోసమూ ఉంటుంది కదా! కొందరు గింజ తొక్కలో మట్టి కూరి, మంచి గింజల్లో కలిపేసేవాళ్ళు. లెక్క తెలియని వాళ్ళు, చూసి తీసుకోని వాళ్ళు నష్టపోయేవాళ్ళు.

బిళ్ళ ఎలా అయింది?

1521లో స్పెయిన్ వాళ్ళు అజ్టెక్ రాజ్యాన్ని ఆక్రమించారు. కోకోను తమ దేశానికి తీసుకుపోయారు. చేదు పోవడానికి పంచదార కలిపారు. అది యూరప్‌లో దొరల ఇళ్ళలో తాగే పానీయం అయింది. గిరాకీ పెరిగింది. కోకో తోటల్లో, చెరకు తోటల్లో పని చేయించడానికి ఆఫ్రికా మనుషులను బానిసలుగా పట్టుకొచ్చారు. ఒకరి నోటి తీపి ఇంకొకరి మెడకు గొలుసు అయింది.

1828లో హాలెండ్‌లో వాన్ హౌటెన్ అనే ఆయన గింజల్లోని కొవ్వును పిండి తీసే పద్ధతి తెచ్చాడు. 1847లో ఇంగ్లండులో ఫ్రై కంపెనీ వాళ్ళు తినే చాక్లెట్ పలక చేశారు. 1875లో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ పాలు కలిపిన చాక్లెట్ చేశాడు. ఇప్పుడు మన పిల్లలు తినేది ఆ రకమే.

చెమట ఎవరిది?

1879లో టెట్టే క్వార్షీ అనే ఆయన ఆఫ్రికాలోని ఘనాకు కోకో విత్తనాలు తెచ్చి నాటాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం కోకోలో సగం దాకా ఐవరీ కోస్ట్, ఘనా దేశాల నుంచే వస్తోంది. పండించేది ఎక్కువగా చిన్న రైతులు. చేతికి వచ్చేది తక్కువ. కూలి పెట్టే శక్తి లేక పిల్లలను తోటల్లోకి దింపుతారు. పిల్లలు పొడుగాటి కత్తులతో కాయలు కొడతారు. బరువు బస్తాలు మోస్తారు. ఈ రెండు దేశాల్లో 15 లక్షల మందికి పైగా పిల్లలు కోకో పనిలో ఉన్నారని 2020లో వచ్చిన ఒక నివేదిక చెప్పింది. పలక పట్టవలసిన చేయి కత్తి పడుతోంది.

మన దగ్గర కూడా కోకో ఉంది

మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ వైపు కొబ్బరి తోటల నీడలో కోకో చెట్లు కనిపిస్తాయి. కాయలు కొట్టి గింజలు తీసే పనికి ఆడకూలీలు వెళతారు. తీసిన గింజలను అయిదారు రోజులు పులియబెడతారు. పులిస్తేనే చాక్లెట్ రుచి, వాసన వస్తాయి. తర్వాత ఎండలో బాగా ఆరబెడతారు. అప్పుడు అమ్ముతారు.

ఆఫ్రికాలో వానలు సరిగా లేక, తెగుళ్ళు వచ్చి పంట తగ్గింది. దాంతో 2024లో ఇక్కడ కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. 2025లో ధర బాగా పడిపోయింది. ఏలూరు జిల్లాలో రైతులు గిట్టుబాటు ధర కోసం ధర్నాలు చేశారు. చూశారా? ఎక్కడో ఘనాలో వాన కురవకపోతే మన గోదావరి ఒడ్డున ధర మారుతుంది.

అందుకే కోకో అయినా, వడ్లయినా, మిరప అయినా, అమ్మేవాళ్ళకు ఆ రోజు ధర తెలియాలి. కాటా మీద అంకె చదవడం రావాలి. చీటీలో ఎన్ని కిలోలు రాశారో చూసుకోవాలి. గింజలో మట్టి కూరే వాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఇక మీ చీటీ మీరే చదువుకోండి.

మాట్లాడుకుందాం

1. అసలు చాక్లెట్‌కు, పంచదార బిళ్ళకు తేడా ఏమిటి?
2. మీరు పండించే పంట ధర ఎవరు నిర్ణయిస్తున్నారు?
3. మీ ఊళ్ళో బడికి పోకుండా పనికి పోయే పిల్లలు ఉన్నారా? వాళ్ళను బడికి పంపాలంటే ఏం చేయాలి?