కాలేయం చెడితే మాట తడబడుతుందా?

జనగామ నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా ఆయనకు యాభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళుగా తాగుడు. మూడు నెలల కింద కళ్ళు పచ్చబడితే పసిరికలని చెట్ల మందు తాగించాం. పచ్చదనం కొంత తగ్గింది. కాని పొట్ట కుండలా ఉబ్బింది, చేతులు పుల్లల్లా అయ్యాయి. వారం నుంచి పగలంతా నిద్ర, రాత్రంతా మేలుకొని ఏదేదో మాట్లాడుతున్నారు. గాలి సోకిందని అత్తమ్మ అంటున్నది. మళ్ళీ తాగుతున్నాడని మరిది అంటున్నాడు. ఆయన మానేసి నెల దాటింది డాక్టరు గారూ. ఎవరి మాట నమ్మాలి?"

అమ్మా, ఇద్దరి మాటా నమ్మవద్దు. పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగే జబ్బు కాదు గనుక మీకు వెంటనే విడిగా జాబు వ్రాశాను. ఆ సంగతులే మిగతా పాఠకుల కోసం ఇక్కడ చెబుతున్నాను.

మాంసం దుకాణంలో కార్జం అంటామే, మనిషిలో అది కుడివైపు పక్కటెముకల చాటున సుమారు ఒకటిన్నర కిలోల బరువుతో ఉంటుంది. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు దాని గుండానే పోవాలి. అది మంచిని నిలవ చేస్తుంది, విషాన్ని విరుస్తుంది. ఏళ్ళ తరబడి దెబ్బ తింటే మెత్తని కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీనినే సిరోసిస్ అంటారు. అప్పుడు రక్తం లోపలికి దూరలేక, అడ్డుకట్ట పడిన కాలువలా వెనక్కి తన్నుతుంది. పొట్టలో నీరు చేరుతుంది. పెద్దలు జలోదరం అన్నది ఎక్కువగా దీన్నే. అన్నవాహికలోని సిరలు ఉబ్బి చిట్లితే నెత్తురు వాంతి అవుతుంది, లేదా విరేచనం తారులా నల్లగా, జిగటగా పోతుంది.

ఇక మాట తడబాటు సంగతి. పేగుల్లో పుట్టే అమోనియా వంటి విషాలను విరిచే దిక్కు లేక అవి మెదడుకు చేరుతాయి. మొదట నిద్ర తలకిందులవుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. రోజూ చేసే సంతకం వంకర పోతుంది. రెండు చేతులూ ముందుకు చాచి, ట్రాఫిక్ పోలీసు బండిని ఆపినట్టు అరచేతులు ఎత్తి పట్టమనండి. అవి పక్షి రెక్కల్లా కొట్టుకుంటే ఆ క్షణమే బయలుదేరండి. కొట్టుకోకపోయినా, మాటలో తేడా కనబడితే చాలు. తాగాడులే అని పడుకోబెడితే తెల్లారేసరికి స్పృహ ఉండకపోవచ్చు.

దీన్ని రేపేవి ఒక్కోసారి చిన్న విషయాలే. నాలుగు రోజుల మలబద్ధకం, వాంతులు విరేచనాలు, పొట్టలోని నీటికి సూక్ష్మజీవులు సోకడం, లోలోపల నెత్తురు కారడం, ఒక నిద్రమాత్ర. సకాలంలో వస్తే చాలామంది తేరుకుంటారు. రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా లాక్టులోజ్ సిరప్ ఇస్తారు.

సారా మానేశాడు, ఇప్పుడు కల్లే కదా అని సరిపెట్టుకునేవారికి ఒక మాట. కల్తీకల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ అన్నీ మత్తుమందులే. చెడిన కాలేయం వాటిని వదిలించుకోలేదు. అలాగని అలవాటు పడినవారికి ఒక్కసారిగా ఆపితే ఫిట్సు వస్తాయి. 2015లో తెలంగాణలో కల్తీకల్లును కట్టడి చేసినప్పుడు ఎందరో ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు. మాన్పించండి, కాని డాక్టరు కనుసన్నలలో.

తన తమ్ముడికి పసరుతోనే పసిరికలు పోయాయని మహబూబాబాద్ పాఠకుడొకరు వాదించారు. పోయి ఉంటాయి. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొద్ది వారాల్లో వాటంతట అవే పోతాయి. పేరు పసరుకు వస్తుంది. 1955-56లో ఢిల్లీ మంచినీటిలో మురుగు కలిసి దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. ఎక్కువమంది తేరుకున్నారు, కాని గర్భిణులకు అది ప్రాణాంతకమైంది. కడుపుతో ఉన్న స్త్రీ కళ్ళు పచ్చబడితే వాతలూ పసర్లూ అనకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. హెపటైటిస్ బి, సి వైరస్‌లు మాత్రం చడీచప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. రక్తపరీక్షతో తెలుస్తాయి. సి రకం సాధారణంగా మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద వీటికి మందులు ఉచితం.

చుక్క ముట్టని తనకు ఫ్యాటీ లివర్ ఏమిటని భూపాలపల్లి నుంచి ఒక మధుమేహ రోగి అడిగారు. షుగరూ, బొజ్జా ఉంటే చాలునండీ, సారా అక్కర్లేదు. బరువు తగ్గండి, నడవండి.

పథ్యం పేరుతో రోగిని మజ్జిగన్నం మీద ఎండగట్టకండి. సిరోసిస్ రోగి కండ కరిగిపోతుంది గనుక పప్పు, గుడ్డు, పెరుగు పెట్టాలి. రాత్రి పడుకోబోయే ముందు కాస్త ఏదైనా తినిపించాలి. పొట్టలో నీరుంటే ఆవకాయ, అప్పడం, ఉప్పు చేప మానాలి. ఒళ్ళునొప్పులకు మందుల షాపులో అడిగి మాత్రలు మింగవద్దు.

పూర్వం ఈ మూడు ఊళ్ళవారికీ వరంగల్లు ఎం.జి.ఎం. ఆస్పత్రే దిక్కు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మాట తేడా, నెత్తురు వాంతి, నల్ల విరేచనం, పొట్ట ఉబ్బుతో జ్వరం, వీటిలో ఏది కనబడినా రాత్రయినా 108కి ఫోన్ చేయండి. వెళ్ళేటప్పుడు రోగి వాడుతున్న మాత్రల అట్టలూ, ఆ పసరు సీసా కూడా వెంట తీసుకువెళ్ళండి. డాక్టరు కోప్పడతాడని దాచవద్దు.