బుడ్డలకు పట్టు బూజు

మాధవరము మొదలుకొని ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతముల బుడ్డలు పండించు రైతుసోదరులకు ఒక సంగతి విన్నవింపదలచితిమి. పీకిన చెట్టు కల్లముననుండగా వాన పడును. తడిసిన కాయను సగమార్చి, మంచికాయలో కలిపి బస్తా కుట్టుట మనలో లేకపోలేదు. అట్టి బస్తాలో ఆస్పర్జిల్లస్ అను బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమును చెఱచును. వేయించినను ఉడికించినను పూర్తిగా పోదు.

1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చెను. మేతలోని వేరుసెనగ చెక్కయే కారణమని తేలెను. 1974లో గుజరాతు, రాజస్థానములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించిరి. దీనిని శోధించినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారే.

ఇక చట్టము మాట. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టమునకు బదులుగా 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము వచ్చెను. పొలమున పండించు రైతునకు గాని, వాని పంటకు గాని యిది వర్తింపదు. ఇది విని, మనకేమి భయమని మాకును మొదట తోచెను. కాని కాయ కొని నూనె తీయు వర్తకుడు దీనికి లోబడినవాడే. లాభాపేక్ష లేని సహకార సంఘము గానుగ పెట్టినను అంతియే. మిల్లుకు పోవు గింజలో ఈ విషము కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినుదానిలో 10 మించరాదు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. కావున కొలది బూజుగింజలే సరకంతటిని చెఱుపగలవు. అపుడు తగ్గు ధర రైతుదే. ఆ చెక్కను ఎనుములకు పెట్టినచో విషము పాలలోనికిని దిగును. మన బిడ్డలు త్రాగునవి ఆ పాలే కదా!

చెట్టును కాయ పైకుండునట్లు తిరుగవేసి ఆర్పవలెను. కాయలో తేమ నూటికి 8 పాళ్లకు తగ్గువఱకు ఎండవలెను. తడిసిన కాయను వేఱుగా నుంచవలెను. గింజ పగులకుండ ఒలుచుటకై కాయపై నీళ్లు చల్లు అలవాటొకటి కలదు. బూజునకు ఇంతకంటె మేలైన ఆహ్వానము లేదు. బస్తాలను నేలపై గాక బల్లలపై పేర్చవలెను.

సభ్యులు కొనువారు కూడ. అంగడిలో కొన్న నూనెపై అనుమానము కలిగినచో, కొనునపుడే అమ్మువానికి తెలిపి, రుసుము చెల్లించి, ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొను హక్కు ఈ చట్టమే యిచ్చినది. సరకు చట్టవిరుద్ధమని తేలినచో ఆ రుసుము తిరిగి వచ్చును.